కొరికిన మామిడికాయ

మారయ్య తాతకు పిల్లల వయసుతో పని లేదు. ఎనిమిదేళ్లా, పదేళ్లా, ఎన్నో తరగతి అని ఆయన ఎన్నడూ అడిగేవాడు కాదు. మోత్కూర్‌లో ఆయన బ్యాండు మేళంలో కొడుకును ట్రంపెట్‌కు పెట్టాలనుకున్న తండ్రి ముందుగా ఒక పచ్చి మామిడికాయ పట్టుకెళ్లాలి. ఆ కాయను పిల్లవాడు ఇంట్లో, దేవుని పటం ముందర, ఒకే ఒక్క గాటు కొరకాలి. తండ్రి దాన్ని తువ్వాలలో కట్టుకుని, టెంకాయతో పాటు తీసుకెళ్లి తాత చేతిలో పెట్టాలి. పిల్లల నోట్లోకి ఆయన తొంగి చూడడు. పసివాళ్ల పళ్లు లెక్కబెడితే దిష్టి తగులుతుందని ఆయన పట్టింపు. పైగా నేను చెప్పబోయే ఏటికి ఆయన రెండు కళ్లకూ పొరలు కమ్మి, ఎదుటి మనిషిని గొంతును బట్టి పోల్చుకునేవాడు. గాటు మీద బొటనవేలు పెట్టి మెల్లగా అటూ ఇటూ జరిపేవాడు. ముందరి పళ్లు రెండూ పక్క పళ్లకు సమానంగా దిగి, కాయలోకి లోతుగా, తిన్నగా పోయి ఉంటే సరే. లేకపోతే వచ్చే ఏడు కూడా చెట్టుకు కాయలు కాస్తాయి కదా అని నవ్వి, కాయ వెనక్కి ఇచ్చేవాడు.

ఎందుకంత పట్టుదల అని ఎవరైనా అడిగితే ఒకటే మాట చెప్పేవాడు. "పాలపండ్లు ఊడాలె, అసలు పండ్లు దిగాలె, దిగినయి ఎముకను పట్టుకోవాలె. గప్పటిదాక పోరని మూతికి ఇత్తడి తగలొద్దు."

తండ్రులు మోసం చేస్తారేమోనన్న అనుమానం ఆయనకు లేదు. కొడుకు పళ్లతో ఏ తండ్రి అయినా అబద్ధమాడతాడా అనేవాడు.

మా బాపు ఆడాడు. ఆ అబద్ధానికి పళ్లు నావి.

అది తెలంగాణ వచ్చిన మూడో ఎండాకాలం. నాకు పన్నెండేళ్లు, తమ్ముడు గోపీకృష్ణకు ఏడు నిండి కొన్ని నెలలు. మాది మగ్గం నేసిన ఇల్లు. బాపు నాయన పోయాక ఆ మగ్గం గుంతలో మా అమ్మ ఉల్లిగడ్డలు, పాత బట్టల మూటలు పెట్టింది. బాపు పేరు మురళీమోహన్. పేరుకు తగ్గట్టే నేత మీద కన్నా ఊదడం మీద మనసున్న మనిషి. పద్నాలుగేళ్లు మారయ్య తాత బ్యాండులో ముందు వరుసలో నిలబడి ట్రంపెట్ ఊదాడు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా పెళ్లిళ్లు, పెళ్లి ఊరేగింపుల బరాత్‌లు. మిగతా నెలలు ఆ సంపాదన మీదా, అమ్మ నేతవాళ్లకు ఇంటింటికీ చుట్టిపెట్టే నూలు కండెల మీదా మా సంసారం నడిచేది.

ఆ ఏడు పుష్యమాసపు చలిలో ఒక పొద్దున బాపు లేచి నోరు పుక్కిలిస్తే నీళ్లన్నీ ఎడమ పక్కనుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే మూతి వంకరపోయి ఉంది. దవాఖానలో మాత్రలిచ్చారు, రెండు మూడు నెలల్లో చాలావరకు సర్దుకుంటుందన్నారు. సర్దుకుంది కూడా. మాట తిరిగొచ్చింది, నవ్వు తిరిగొచ్చింది. పెదవిలో గాలిని పట్టి ఉంచే బలం మాత్రం రాలేదు. ట్రంపెట్ ఎత్తితే పక్కనుంచి బుస్సుమని గాలి పోయేది. బాపు ఆ చప్పుడు మేం వినకూడదని పెరట్లో గోడవైపు తిరిగి ఊదుకునేవాడు. మేం ఇంట్లో ఏదో ఒకటి గట్టిగా మాట్లాడుకునేవాళ్లం.

బ్యాండులో ఒక కట్టుబాటు ఉంది. ఊదేవాడు మూలపడితే ఆ సీజన్ అయ్యేదాకా, అంటే ఆషాఢం వచ్చేదాకా, అతని జాగా ఎవరికీ ఇవ్వరు. కిరాయి మనిషితో నెట్టుకొస్తారు. ఈ లోపల ఆ ఇంటి పిల్లవాడు నేర్చుకోవడం మొదలుపెడితే జాగా ఆ ఇంటిదే. పిల్లవాడు అందుకునేదాకా తండ్రి తాళాలో, డ్రమ్మో పట్టుకుని మేళంలోనే ఉండొచ్చు. పిల్లవాడు లేకపోతే ఆషాఢం మొదటి రోజున మేళం ఇచ్చిన ఎర్రకోటు మడిచి, ట్రంపెట్‌తో పాటు తిరిగి ఇచ్చేయాలి. ఎర్రకోటు ఇచ్చేస్తే బాపుకు మిగిలేది బొంబాయి పక్కనున్న భీవండి. అక్కడ పవర్లూమ్‌లకు పోయిన మా మేనమామ దగ్గు పట్టుకుని వచ్చి, ఆ దగ్గుతోనే పోయాడు. అమ్మ ముందర ఆ ఊరి పేరు ఎవరమూ ఎత్తేవాళ్లం కాదు.

ఇక గోపిగాడి సంగతి. వాడికి ఆ విద్య పుట్టుకతో వచ్చింది. అది చూస్తే నాకు కడుపు మండేదన్నది కూడా దాచను. ట్రంపెట్ వాడికి బరువు, ఎత్తనిచ్చేవాళ్లు కాదు. ఒట్టి మౌత్‌పీస్ పెదవులకు ఆనించుకుని, వీధిలో పోయే ఐస్‌క్రీం బండి పాట మొదలుకుని గుడి మైకులో వచ్చే పాట దాకా ఒక్కసారి విని ఊదేవాడు. అంత చిన్న ముక్కలోంచి పాట వస్తుంటే బాపు చేతిలో పని ఆపి వినేవాడు.

ప్రతి శనివారం ట్రంపెట్‌ను చింతపండుతో తోమే పని నాది. తోమినంతసేపూ ఎవరూ లేకుండా చూసి నేనూ ఊదేదాన్ని. నెల రోజులు గాలి తప్ప ఏమీ రాలేదు. ఒకరోజు పలికింది. దాని తర్వాత ఐదు స్వరాలు వరసగా వచ్చేదాకా పట్టుబట్టాను. గోపికి ఆటగా వచ్చింది నాకు మొండితనం మీద వచ్చింది. ఒకసారి బాపు గడపలో నిలబడి విన్నాడు. మెచ్చుకుంటాడని ఆగాను. ఆయనకు కోపం రాలేదు, కోపమొస్తే బాగుండేది. ముద్దుగానే నవ్వాడు.

"ఆడపిల్ల బుగ్గలుబ్బిచ్చుకొని బరాత్‌ల నిలవడ్తదా బిడ్డా? చింతపండు ఇంక జర వెయ్యి, గా మూలకు మసకున్నది."

నేను చింతపండు వేశాను.

ఉగాది అయిన వారానికి బాపు మామిడికాయ తెచ్చాడు. బడికి పోయే పొద్దు. దేవుని పటం ముందు గోపిని కూర్చోబెట్టి, తల తడిపి దువ్వి, కాయ చేతికిచ్చాడు. అంతకు ముందు ఏడే వాడి ముందరి పాలపళ్లు ఊడాయి. ఊడదీసింది నేనే, దారం కట్టి. మా వైపు అందరూ చేసినట్టే పేడలో చుట్టి ఇంటి మీదికి విసిరింది కూడా నేనే. వాటి జాగాలో కొత్తవి సగానికి దిగి, అంచులు రంపంలా గరుకుగా ఉండేవి. గోపి నోరంతా తెరిచి కొరికాడు. పక్క పళ్లు కాయలో దిగాయి. నడుమ పళ్లు తోలు మీద గీత పెట్టి ఆగిపోయాయి. పులుపుకు వాడి కళ్లెంట నీళ్లొచ్చాయి.

బాపు కాయను వెలుతురుకు పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తువ్వాలలో ఇంకో కాయ ఉంది. అది ఎందుకు తెచ్చాడో నాకప్పుడు అర్థమైంది.

"స్నేహా, గిట్ల రా."

నేను వెళ్లాను. కాయ నా చేతిలో పెట్టాడు. ఏం చేయమనీ చెప్పలేదు. పొయ్యి దగ్గరున్న అమ్మ ఇటు తిరిగి చూసి, మళ్లీ అటు తిరిగి మంట ఎగదోసింది. నేను దేవుని పటం ముందు కూర్చుని కొరికాను. నా పళ్లు టెంక దాకా పోయాయి.

టెంకాయ పట్టుకునే నెపంతో నేనూ వాళ్ల వెంట తాత ఇంటికి పోయాను. నిజానికి నా గాటు గురించి ఆయన ఏమంటాడో వినాలని పోయాను. గోపికి దారిలో బాపు ఒకటే పాఠం చెప్పాడు, తాత దగ్గర నోరు మూసుకుని ఉండాలని. మారయ్య తాత అరుగు మీద కూర్చుని కాయ అందుకున్నాడు. బొటనవేలు గాటులోకి పోనిచ్చాడు. ఆయన ముఖం విప్పారింది.

"మంచి గాటు మురళీ. లోతుగ పోయింది, వంకర లేదు. ఈ మూతి తయారయింది, ఈ పండ్ల మీద బాజా ఆగుతది."

స్తంభం వెనక నిలబడి విన్నాను. నన్ను గురించి ఎవరైనా తయారైంది అన్నది నా బతుకులో అదొక్కసారే, అదీ తమ్ముడి పేరు మీద. సంతోషమైంది. నాకు సిగ్గుగానే ఉంది చెప్పడానికి, కానీ ఆ పూట నాకు కలిగింది సంతోషమే. తప్పు చేశామన్న ఆలోచన ఇంటికొచ్చి అన్నం తిన్నాక గానీ రాలేదు.

మర్నాటినుంచి గోపికి పాఠం మొదలైంది. పొద్దున తాత దగ్గర అరగంట. తాత అంతకు మించి ఊదనిచ్చేవాడు కాదు. మూతికి ఆనించాలె గానీ నొక్కొద్దు, పెదవి పని పెదవినే చేయనీయాలె అని పదిసార్లు చెప్పేవాడు. తాత దగ్గర అరగంట అయితే ఇంట్లో బాపు దగ్గర మూడు గంటలు. బాపుకు తన చిన్నతనంలో ఎవరూ ఓపిగ్గా చెప్పినవాళ్లు లేరు. నొక్కి ఊదడమే ఆయన నేర్చుకున్న విద్య. పై స్వరం రాకపోతే "నొక్కు, ఇంక జర నొక్కు" అనేవాడు. గోపి నొక్కేవాడు. స్వరం వచ్చేది. బాపు కళ్లు మెరిసేవి. ఆ మెరుపు కోసం వాడు ఏమైనా చేసేవాడు.

నెల తిరిగేసరికి పెళ్లిలో ఎదుర్కోలుకు ఊదే పాట మొత్తం వాడికి వచ్చింది. గల్లీలోవాళ్లు వచ్చి వినిపోయేవాళ్లు. ఇత్తడి తోమే పని ఇంకా నాదే. ఒక శనివారం మౌత్‌పీస్ అంచున ఎర్రగా ఎండిపోయి కనబడింది. గోపిని పిలిచి పెదవి పైకెత్తి చూశాను. చిగుళ్లు వాచి ఉన్నాయి. వేలు పెడితే పళ్లు రెండూ కదిలాయి.

"బాపుకు చెప్పకు అక్కా," అన్నాడు. "చెప్తే ఆపుతడు. ఆపితే భీవండి పోతడట గదా."

వాడికి ఆ ఊరి పేరు ఎవరు చెప్పారో తెలియదు. పిల్లలు వినకూడదని గొంతు తగ్గించి అనే మాటలే పిల్లలకు ముందు వినబడతాయి. నేను మౌత్‌పీస్ కడిగి యథాస్థానంలో పెట్టాను. చెప్పలేదు. చెబితే కాయ సంగతి బయటికి వస్తుంది, అది కొరికింది నేను. తమ్ముడి నోరు కన్నా నా గుట్టు నాకు ఎక్కువైంది. ఇప్పుడు ఎన్ని కారణాలు చెప్పుకున్నా, ఆ రోజు జరిగిందదే.

జ్యేష్ఠం చివరికొచ్చింది. బడులు తెరిచిన వారంలో మా ఊళ్లోనే ఒక పెళ్లి, ఆ సీజన్‌కు దాదాపు ఆఖరుది. పగలు పదకొండు గంటలకు ఎదుర్కోలు. తాత గోపిని వెనక వరుసలో నిలబెట్టమన్నాడు. నడుస్తూ ఊదొద్దు, మేళం ఆగినచోట నిలబడి ఒకే పాట ఊది, బాజా దించేయాలన్నాడు. వాడి కొలతకు అమ్మ బాపు పాత ఎర్రకోటును కత్తిరించి కుట్టింది. చేతులు ఇంకా పొడుగే, రెండు మడతలు పెట్టింది. బాపు తాళాలు పట్టుకున్నాడు. నేను నీళ్ల సీసా పట్టుకుని పక్కన నడిచాను.

మేళం పెళ్లిపందిరి ముందు ఆగింది. గోపి వెనకనుంచి పాట ఎత్తుకున్నాడు. పెళ్లివారంతా తిరిగి చూశారు, ఎవరు ఊదుతున్నారా అని. ఎవరో పెద్దమనిషి, పిలగాడు కనబడుతలేడు ముందుకు తీసుకురండి అన్నాడు. తాత వరుసకు అవతలి కొసన ఉన్నాడు, ఆయనకు ఇదంతా కనబడదు. బాపు తాళాలు చంకలో పెట్టుకుని, గోపి రెండు భుజాలూ పట్టుకుని వాణ్ణి ముందుకు నడిపించుకొచ్చి, పెళ్లికొడుకు స్నేహితులు ఎగురుతున్న గుంపు అంచున నిలబెట్టాడు. ఆ నాలుగడుగులూ ఊదుతూనే వచ్చాడు వాడు. బాపు ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు.

ఎగిరేవాళ్లలో ఒకడు వెనక్కి వెనక్కి వచ్చి, వీపుతో ట్రంపెట్ ముందరి గరాటుకు తగిలాడు. పెద్ద దెబ్బ కూడా కాదు. బస్సులో ఇంతకన్నా గట్టిగా తోసుకుంటాం. పాట ఆగింది. గోపి ట్రంపెట్ వదల్లేదు, రెండు చేతులతో గుండెకు పట్టుకుని నిలబడ్డాడు. నోటినుంచి నెత్తురు కోటు మీదికి కారింది, ఎరుపు మీద ఎరుపు కనబడలేదు. వాడు ఉమ్మితే తెల్లగా రెండు మట్టిలో పడ్డాయి.

మేళం మొత్తం ఆగిపోయింది. తాత కర్ర పట్టుకుని, ఏమైంది, పిలగానికేమైంది అని అడుగుతూ వచ్చాడు. బాపు మట్టిలోంచి రెండు పళ్లూ ఏరి పిడికిట్లో పెట్టుకున్నాడు.

"ఏం కాలే తాతా," అన్నాడు. "పాలపండ్లే. ఊడే యాళ్లకు ఊడినయి."

తాత అక్కడే నిలబడిపోయాడు. గాటు తడిమిన బొటనవేలును కర్ర మీద అటూ ఇటూ జరిపాడు. తర్వాత మేళంవైపు చెయ్యి ఊపాడు. డ్రమ్ము మళ్లీ మొదలైంది.

ఇంటికొచ్చాక అమ్మ పసుపు అద్దింది, చల్లటి నీళ్లతో గుడ్డ తడిపి పెట్టింది. బాపు పెరట్లోకి పోయి పేడ తెచ్చాడు. పళ్లు రెండూ అందులో పెట్టి ఉండ చుట్టాడు. పాలపండ్లు పోయిన ఏడే ఊడినయి గదా అని నేను అమ్మతో మెల్లగా అన్నాను. "నాకు తెల్వదా?" అంది అమ్మ. "మీ బాపును చూడు ఎట్లున్నడో. వెయ్యనియ్యి." ఊడిన పన్ను ఇంటి మీద పడితేనేం, పెంటలో పడితేనేం అనుకున్నాం. బాపు ఉండను గూనపెంకుల మీదికి విసిరి, మళ్లా వస్తయి కొడుకా, ఇంతకన్న పెద్దయి వస్తయి అని గోపిని ఎత్తుకున్నాడు. ఆ మాట చెబుతూ ఏడ్చాడు. మా బాపుకు నిజం తెలియక కాదు. తెలిసి భరించలేక, పేడలో చుట్టి కంటికి కనబడనంత దూరం విసిరాడు.

నాలుగో రోజుకు మూతి వాచి, జ్వరం వచ్చి, అన్నం దిగలేదు. భువనగిరిలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. నేనూ వెళ్లాను. ఆమె చిన్నవయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడింది. ఎక్స్‌రే తీసి చూసి, మొదటగా అడిగింది పళ్లు ఏవి అని. బాపు ఇంటి మీద వేశామన్నాడు. ఇవి పాలపళ్లు కావు, మళ్లీ వచ్చేవి కావు అంది. ఊడిన గంటలోపు పాలగ్లాసులో వేసుకుని తెచ్చి ఉంటే తిరిగి చిగుళ్లలో కూర్చోబెట్టేదాన్నని, ఈ వయసు పిల్లల పళ్లు పెద్దవాళ్ల వాటికన్నా బాగా పట్టుకునే అవకాశం ఉంటుందని చెప్పింది. ఇంటి పక్కనే ఉన్న పాలకేంద్రం నాకు కళ్ల ముందు మెదిలింది.

"ఇప్పుడు తెస్తే?" అన్నాడు బాపు.

ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత, పిల్లవాడు ఏమైనా వాయించేవాడా అని తనే అడిగింది. పళ్లు దెబ్బకు ఊడక ముందే ఎముక వదులై ఉందట. ఇంకో ఏడాది ఆగి ఉంటే వేళ్లు గట్టిపడేవి, ఆ దెబ్బకు పెదవి చిట్లి ఊరుకునేది అంది. ఆమె ఎవరినీ తిట్టలేదు. తిడితే బాపు తల ఎత్తి ఉండేవాడేమో.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఇంటికి రాగానే నేను నిచ్చెన వేసుకుని ఇంటి మీదికెక్కాను. ఎండకు పెంకులు కాళ్లను కాల్చేస్తున్నాయి. పెంకుల సందుల్లో వెతికితే ఎండి పగిలిన పేడ ఉండ దొరికింది. అందులో ఒకటే పన్ను ఉంది. దానికి జానెడు దూరంలో ఇంకోటి కనబడితే ఆశపడి తీశాను. అది పోయిన ఏడు నేను విసిరింది, బియ్యపు నూకంత పాలపన్ను. రెండూ అరచేతిలో పెట్టుకుని చూశాను. ఎంత తేడా ఉందో, కళ్లున్న ఎవరైనా చెప్పేస్తారు.

దిగేసరికి మారయ్య తాత గోడ తడుముకుంటూ మా గుమ్మంలోకి వచ్చి ఉన్నాడు. బాపు మంచం వేశాడు. తాత కూర్చోలేదు. గోపిని దగ్గరికి పిలిచి తల నిమిరాడు. నేనే వెళ్లి పెద్ద పన్నును ఆయన చేతిలో పెట్టాను. బొటనవేలు దాని అంచు మీద జరిపాడు.

"రంపమోలె ఉన్నది. ఇంక అరగనే లేదు," అన్నాడు. తర్వాత బాపు ఉన్నవైపు తిరిగాడు. "నువ్వు తెచ్చిన కాయ మీద గాటు సాఫ్‌గ ఉండె మురళీ. గది ఎవలది?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో అంతమందిమి ఉండి ఒక్కరం మాట్లాడక, కళ్లు లేని ముసలాయన ఒక్కడే అటూ ఇటూ తల తిప్పుతూ నిలబడి ఉంటే నేను తట్టుకోలేకపోయాను.

"నాదే తాతా," అన్నాను.

ఆయన నా గొంతు ఉన్నవైపు వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. ఎంత వయసు అని అడగలేదు. ఆయనకు వయసుతో పని లేదు కదా.

"నీకు నేర్సుకోవాల్నని ఉండెనా?"

నేను తల ఊపాను. ఆయనకు కనబడదని గుర్తొచ్చి, నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఉండె."

"మరి గదే కాయ పట్టుకొని నువ్వే రాకపోతివి, బిడ్డా," అన్నాడు. "నీకు నేర్పకపోదునా? జాగా మీ ఇంట్లనే ఉండు గదా."

బాపు గోడకు చారగిలబడ్డాడు. ఆడపిల్ల అన్న మాట తాత కట్టుబాటులో ఎక్కడా లేదని ఆ రోజు దాకా మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఎవరమూ అడగలేదు. నాకైనా తట్టలేదు, నేను కూడా నన్ను తమ్ముడికి పళ్లు అరువిచ్చేదానిలాగే అనుకున్నాను. తాత ఒక క్షణం ఆగాడు. నేను ఏమైనా అంటానేమోనని ఆగాడని ఇప్పుడు అనిపిస్తుంది. ట్రంపెట్ మూలన గుడ్డ కప్పి ఉంది. గోపి వాచిన మూతితో నావైపే చూస్తున్నాడు. వాడి కళ్ల ముందర నేను దాన్ని ముట్టుకోలేను. ఏమీ అనలేదు.

బాపు ట్రంపెట్ తెచ్చి తాత చేతికిచ్చాడు. తన ఎర్రకోటు, అమ్మ కత్తిరించి కుట్టిన చిన్న ఎర్రకోటు, రెండూ మడిచి ఇచ్చాడు. చిన్నదాన్ని తాత వెనక్కి ఇచ్చేశాడు. అది ఇంకెవరికీ సరిపోదన్నాడు.

ఆషాఢం వచ్చిన మూడో రోజున బాపు భీవండికి పోయాడు. బస్సు ఎక్కేముందు సంచి భుజాన వేసుకుంటూ తనలో తాను "ఒక్క ఏడు ఆగకపోతి. ఒక్క ఏడే గదా," అనుకున్నాడు. అమ్మ వినలేదు, నేను విన్నాను. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. వచ్చినప్పుడల్లా పొద్దున్నే పెరట్లోకి పోయి, మేం వినకూడదని గోడవైపు తిరిగి దగ్గుతాడు. మేం ఇంట్లో ఏదో ఒకటి గట్టిగా మాట్లాడుకుంటాం.

గోపి పదో తరగతిలో ఉన్నాడు. తీసి పెట్టుకునే రెండు పళ్ల క్లిప్పు ఉంది వాడికి. నవ్వాల్సి వస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. పాట పాడడు, ఈల వేయడు. వీధిలో బరాత్ వస్తే లేచి స్నానాల గదిలోకి పోయి నల్లా తిప్పుతాడు. మేళం దూరం పోయేదాకా బకెట్ నిండి నీళ్లు పారుతూనే ఉంటాయి. మొదట్లో అమ్మ నీళ్లు వృథా అని అరిచేది. ఇప్పుడు అరవదు.

మారయ్య తాత పోయి నాలుగేళ్లయింది. ఇప్పటి బ్యాండుల్లో కాయ అడిగేవాళ్లు లేరు.

నాకు ఇరవై ఏళ్లు. డిగ్రీ చదువుతూ అమ్మతో పాటు కండెలు చుడుతున్నాను. నా పళ్లు ఒక్కటీ పుచ్చలేదు, వంకర పోలేదు. చూసినవాళ్లంతా బాగున్నాయంటారు. ఎండాకాలం మామిడికాయలొస్తే అమ్మ కత్తిపీట మీద సన్నగా ముక్కలు కోసి, ఉప్పూ కారం చల్లి ముగ్గురికీ పెడుతుంది. గోపి ఒక్కో ముక్కనూ పక్కకు పెట్టుకుని దవడ పళ్లతో నములుతాడు. నేనూ అలాగే నములుతాను. వాడి ఎదుట ముందరి పళ్లతో నేను దేన్నీ కొరికి ఎనిమిదేళ్లయింది.